ట్రూమన్ సిద్ధాంతం విని 1947లో మిగతా ప్రపంచం ఏమంది? తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రూప్స్, సివిల్స్ పుస్తకాల్లో ఈ విషయం ఒక్క లైనులో అయిపోతుంది: 1947, గ్రీస్, టర్కీ, 40 కోట్ల డాలర్లు, కమ్యూనిజం కట్టడి. ప్రసంగం చేసింది అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కాబట్టి కథంతా అమెరికా వైపు నుంచే చెబుతారు. విన్నవాళ్లు ఏమనుకున్నారన్నది ఎక్కడో అడుగున ఉండిపోతుంది. నా దృష్టిలో అసలు ఆసక్తికరమైన భాగం అదే. ఒకే ప్రసంగాన్ని ఏథెన్స్ ఒకలా విన్నది, మాస్కో ఇంకోలా, సియోల్ మరోలా. ఎవరి అవసరం వాళ్లది.

అసలు ట్రూమన్ ఏం ప్రకటించారు?

1947 మార్చి 12న అమెరికన్ కాంగ్రెస్ ఉభయసభల ముందు హ్యారీ ట్రూమన్ ఇరవై నిమిషాల లోపు ప్రసంగం చేశారు. కమ్యూనిస్టు తిరుగుబాటుతో అంతర్యుద్ధంలో ఉన్న గ్రీస్‌కు 30 కోట్ల డాలర్లు, టర్కీకి 10 కోట్ల డాలర్లు ఇవ్వాలని, వాటితో పాటు సైనిక, పౌర సలహాదారులను పంపడానికి అనుమతి కావాలని అడిగారు. అక్కడితో ఆగి ఉంటే అదొక సాయం బిల్లుగా మిగిలేది. ఆయన ఆగలేదు. సాయుధ ముఠాల వల్ల గానీ, బయటి ఒత్తిడి వల్ల గానీ లొంగిపోకుండా పోరాడుతున్న స్వేచ్ఛాయుత ప్రజలకు అండగా నిలవడమే అమెరికా విధానం కావాలని అన్నారు. ఏ దేశమని లేదు, ఎంతకాలమని లేదు. ట్రూమన్ సిద్ధాంతం అంటే ఇదే. ప్రపంచం ఉలిక్కిపడింది ఈ వాక్యానికే.

అందులో రష్యా పేరే లేదంటారు, నిజమేనా?

నిజమే. సోవియట్ యూనియన్ అన్న మాట ప్రసంగంలో ఎక్కడా రాదు. గ్రీస్ తిరుగుబాటుదారుల గురించి చెప్పేటప్పుడు కమ్యూనిస్టుల నాయకత్వం అన్న ప్రస్తావన వస్తుంది. పోలండ్, రుమేనియా, బల్గేరియాల్లో 1945లో అమెరికా, బ్రిటన్, సోవియట్‌లు చేసుకున్న యాల్టా ఒప్పందాన్ని ఉల్లంఘించి ప్రజలపై నియంతృత్వాన్ని రుద్దారని కూడా అన్నారు. వేలు ఎటు చూపిస్తున్నారో మాస్కోకు విడిగా చెప్పనక్కర్లేకపోయింది.

గ్రీస్, టర్కీల బాధ్యత అమెరికాకు ఎందుకు వచ్చింది?

బ్రిటన్ చేతులెత్తేసింది కాబట్టి. ఈ తేదీలు మన పాఠకులకు ప్రత్యేకంగా పనికొస్తాయి. 1947 ఫిబ్రవరి 18న పాలస్తీనా సమస్యను ఐక్యరాజ్యసమితికి అప్పగిస్తున్నట్టు బ్రిటన్ ప్రకటించింది. 20న ప్రధాని క్లెమెంట్ అట్లీ, 1948 జూన్ నాటికి భారతదేశంలో అధికారం అప్పగించేస్తామని పార్లమెంటులో చెప్పారు. ఆ మర్నాడే, 21న, వాషింగ్టన్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయం రెండు నోట్లు అందించింది: మార్చి 31 తర్వాత గ్రీస్, టర్కీలకు సాయం చేయడం మా వల్ల కాదు అని.

అంటే మనం స్వాతంత్ర్యోద్యమ పాఠంలో చదివే అట్లీ ప్రకటన, ప్రచ్ఛన్నయుద్ధం పాఠంలో చదివే ఈ నోట్లు ఒకే వారంలో, ఒకే ఖాళీ ఖజానా నుంచి వచ్చినవి. ఆ చలికాలం బ్రిటన్‌లో భయంకరంగా గడిచింది. బొగ్గు లేదు, కరెంటు లేదు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అంతకుముందు ఏడాది అమెరికా నుంచి తెచ్చుకున్న 375 కోట్ల డాలర్ల అప్పు కరిగిపోతోంది.

మరి బ్రిటన్ సంతోషించిందా?

విదేశాంగ మంత్రి ఎర్నెస్ట్ బెవిన్‌కు పెద్ద ఊరట. తను మోయలేని బరువును అమెరికా ఎత్తుకుంది. కానీ ఆయన పార్టీలోనే అందరికీ అది రుచించలేదు. లేబర్ పార్టీ వామపక్షంలోని రిచర్డ్ క్రాస్‌మన్, మైఖేల్ ఫుట్, ఇయాన్ మికార్డో వంటి ఎంపీలు ఆ మే నెలలో ఒక కరపత్రం తెచ్చారు. అమెరికా తోకగా గానీ, రష్యా తోకగా గానీ కాకుండా యూరప్ మూడో దారి చూసుకోవాలన్నది వాళ్ల వాదన.

అమెరికాలో మంత్రి పదవి పోగొట్టుకున్న హెన్రీ వాలెస్ ఏప్రిల్‌లో బ్రిటన్ వచ్చి ట్రూమన్ విధానాన్ని ఉతికి ఆరేశారు. పరాయి దేశంలో నిలబడి సొంత దేశ విధానాన్ని తిడతాడా అని అమెరికన్ కాంగ్రెస్‌లో గగ్గోలు పుట్టింది. ఇలాంటి గొడవలు మనకూ కొత్తేమీ కావు.

బ్రిటన్ రాత్రికి రాత్రే గ్రీస్ వదిలి వెళ్లిపోలేదు. డబ్బు ఆగింది గానీ కొంత సైన్యం ఆ తర్వాత కూడా అక్కడే ఉంది. ఉండమని ఒత్తిడి చేసింది అమెరికాయే.

గ్రీస్‌లో స్పందన ఎలా ఉంది?

ప్రభుత్వం, రాజభవనం, రాజరిక పక్షం పత్రికలు పండగ చేసుకున్నాయి. ప్రధాని దిమిత్రియోస్ మాక్సిమోస్ ప్రభుత్వం మార్చి 3న సాయం కావాలని అధికారికంగా అడిగింది. ఆ అభ్యర్థన పత్రం తయారవడంలో అమెరికా విదేశాంగ శాఖ చేయి కూడా ఉంది. అంటే అడిగేవాడి అర్జీని ఇచ్చేవాడే దగ్గరుండి రాయించాడు. కాంగ్రెస్‌ను ఒప్పించాలంటే ఏ మాటలు కావాలో ఏథెన్స్ కంటే వాషింగ్టన్‌కే బాగా తెలుసు మరి.

ప్రసంగంలో ట్రూమన్ గ్రీస్ ప్రభుత్వాన్ని వెనకేసుకొస్తూనే, అది లోపాలు లేని ప్రభుత్వం కాదని, తప్పులు చేసిందని కూడా అన్నారు. ఏథెన్స్ పాలకులు ఆ ముక్కను పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన రోజు త్వరగానే వచ్చింది. జులైలో సాయం మిషన్ అధిపతిగా నెబ్రాస్కా మాజీ గవర్నర్ డ్వైట్ గ్రిస్వోల్డ్ దిగారు. దేశంలో అందరికంటే శక్తిమంతుడు ఆయనే అన్న పేరు వచ్చింది. సెప్టెంబరులో అమెరికా ఒత్తిడితో ప్రభుత్వమే మారింది. రాజరిక పక్షమైన పాపులిస్టులు, లిబరల్స్ కలిసి, లిబరల్ వృద్ధనేత థెమిస్టోక్లిస్ సోఫూలిస్ ప్రధానిగా సంకీర్ణం ఏర్పడింది. స్వాగతం పలికినవాళ్లకే తమ మంత్రివర్గం ఎలా ఉండాలో తాము తేల్చుకునే అవకాశం తగ్గిపోయింది.

కమ్యూనిస్టు పార్టీ, దాని మిత్రపక్షాలు దీన్ని బ్రిటన్ స్థానంలో కొత్త యజమాని రావడంగా చూశాయి. కొండల్లో మార్కోస్ వాఫియాదిస్ నాయకత్వంలోని డెమొక్రటిక్ ఆర్మీ వెనక్కి తగ్గలేదు. యుద్ధం ఇంకా రెండున్నరేళ్లు సాగి, 1949 ఆగస్టులో గ్రామోస్ కొండల్లో తిరుగుబాటుదారుల ఓటమితో ముగిసింది.

టర్కీలో అంతర్యుద్ధం లేదు కదా, దాన్నెందుకు చేర్చారు?

టర్కీ భయం వేరు. 1945లో సోవియట్ ప్రభుత్వం పాత స్నేహ ఒప్పందాన్ని పొడిగించబోమని చెప్పి, ఆ తర్వాత కార్స్, అర్దహాన్ ప్రాంతాలు కావాలని, నల్లసముద్రాన్ని మధ్యధరాతో కలిపే జలసంధుల్లో సైనిక స్థావరాలు ఇవ్వాలని అడిగింది. రెండేళ్లుగా టర్కీ పెద్ద సైన్యాన్ని సిద్ధంగా ఉంచుకుని, ఆ ఖర్చుకు కుంగిపోతోంది. అధ్యక్షుడు ఇస్మెత్ ఇనోను, ప్రధాని రెజెప్ పెకెర్ ఈ ప్రకటనను స్వాగతించారు. పత్రికలూ అంతే.

సాయం ఒప్పందం మీద 1947 జులై 12న అంకారాలో సంతకాలయ్యాయి. సరిగ్గా అదే రోజు ఇనోను ఇంకో ప్రకటన కూడా విడుదల చేశారు: ప్రతిపక్షాన్ని, అధికార పక్షాన్ని రాష్ట్రపతి హోదాలో తాను సమానంగా చూస్తానని. ఒకే పార్టీ రాజ్యంగా నడిచిన టర్కీ బహుళపక్ష ఎన్నికల వైపు తిరిగిన మలుపుల్లో ఇదొకటి. స్వేచ్ఛా ప్రపంచంలో సభ్యత్వం కోరుతున్న దేశానికి ఇంట్లో కూడా కొంచెం స్వేచ్ఛ చూపించాల్సిన అవసరం ఉంటుంది. అలాగని ఇదంతా అమెరికా చేయించిందేనని చెప్పలేం. ప్రతిపక్షమైన డెమొక్రటిక్ పార్టీ ఒత్తిడి దేశం లోపల గట్టిగానే ఉంది.

ఆ ఒప్పందంలో నాలుగో క్లాజు ఒకటి ఉంది. ఇచ్చిన ఆయుధాలను ఇచ్చిన పనికి తప్ప వేరే పనికి అమెరికా అనుమతి లేకుండా వాడకూడదు. 1947లో ఎవరికీ అది పెద్ద విషయంగా కనబడలేదు. 1964 జూన్‌లో సైప్రస్‌పై దాడికి టర్కీ సిద్ధమవుతుంటే, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ రాసిన లేఖలో ఈ క్లాజునే ఎత్తి చూపించారు. అప్పటికి ఇనోను మళ్లీ ప్రధాని. తన హయాంలో కుదిరిన ఒప్పందమే తనకు అడ్డం వచ్చింది. టర్కీలో అమెరికా వ్యతిరేకత పెరగడానికి ఆ లేఖ పెద్ద కారణాల్లో ఒకటి.

సోవియట్ యూనియన్ ఎలా స్పందించింది?

గొంతు పెంచింది పత్రికలు. ప్రావ్దా, ఇజ్వెస్తియా వెంటనే విరుచుకుపడ్డాయి. గ్రీస్, టర్కీలను కాపాడడం ఒక సాకు, అసలు ఉద్దేశం అమెరికా విస్తరణ అన్నది వాటి మాట. ఐక్యరాజ్యసమితిలో సోవియట్ ప్రతినిధి ఆంద్రేయ్ గ్రొమికో, భద్రతా మండలిని పక్కనబెట్టి ఏకపక్షంగా వెళ్తున్నారని విమర్శించారు.

స్టాలిన్ మాత్రం తొందరపడలేదు. ప్రసంగానికి రెండు రోజుల ముందే, మార్చి 10న, మాస్కోలో నాలుగు దేశాల విదేశాంగ మంత్రుల సమావేశం మొదలైంది. అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ మాస్కోలోనే ఉన్నారు. జర్మనీ భవిష్యత్తు బల్ల మీద ఉంది. సోవియట్ విదేశాంగ మంత్రి మొలొతోవ్ లేచి వెళ్లిపోలేదు, సమావేశం ఏప్రిల్ 24 దాకా నడిచింది. ఏప్రిల్ 9న అమెరికన్ రిపబ్లికన్ నేత హెరాల్డ్ స్టాసెన్‌ను క్రెమ్లిన్‌లో కలిసిన స్టాలిన్, రెండు వ్యవస్థలూ పక్కపక్కన బతకవచ్చు, సహకరించుకోవచ్చు అన్నారు. ఏప్రిల్ 15న మార్షల్‌తో మాట్లాడుతూ ఓపిక పట్టాలని, ముఖ్యమైన విషయాలన్నింటిలో రాజీ సాధ్యమేనని చెప్పారు. మార్షల్‌కు ఆ నింపాదితనమే భయం పుట్టించింది. యూరప్ ఇంకా చితికిపోతే మనకే లాభమని స్టాలిన్ కూర్చున్నాడని ఆయన అనుకున్నారు. యూరప్‌ను మళ్లీ నిలబెట్టడానికి జూన్ 5న హార్వర్డ్‌లో ప్రకటించిన ఆర్థిక సాయం, అంటే మార్షల్ ప్రణాళికకు ఆ అనుమానం కూడా ఒక కారణం.

గ్రీస్ విషయంలో స్టాలిన్ నిదానానికి ఇంకో కారణం ఉంది. 1944 అక్టోబరులో చర్చిల్‌తో మాస్కోలో కుదిరిన అవగాహన ప్రకారం గ్రీస్ బ్రిటన్ వాటాలోకి పోయింది. 1948 తొలి నెలల్లో యుగోస్లావ్ నేతలతో, గ్రీస్ తిరుగుబాటును చుట్టబెట్టేయాలని, మధ్యధరాలో అమెరికా, బ్రిటన్‌లు తమ దారికి అడ్డం రానివ్వవని స్టాలిన్ అన్నట్టు ఆ నేతల్లో ఒకరైన మిలోవాన్ జిలాస్ తర్వాత రాశారు. ఎవరి ఆట కట్టించాలని ట్రూమన్ ప్రసంగం చేశారో, ఆయనే ఆ తిరుగుబాటు మీద ఆశ పెట్టుకోలేదు.

అయితే సోవియట్‌ల అసలు జవాబు ఎప్పుడు వచ్చింది?

ఆరు నెలల తర్వాత. 1947 సెప్టెంబరులో పోలండ్‌లోని స్క్లార్‌స్కా పొరెంబా అనే కొండ పట్నంలో తొమ్మిది కమ్యూనిస్టు పార్టీలు రహస్యంగా కలిసి తమ ఉమ్మడి సంస్థ కామిన్‌ఫార్మ్‌ను స్థాపించాయి. అక్కడ సోవియట్ నేత ఆంద్రేయ్ జ్దానోవ్ ప్రపంచం రెండు శిబిరాలుగా చీలిందని ప్రకటించారు: ఒకటి సామ్రాజ్యవాద శిబిరం, రెండోది దానికి ఎదురు నిలిచే ప్రజాస్వామిక శిబిరం. ట్రూమన్ కూడా మార్చిలో ప్రతి దేశం రెండు జీవన విధానాల్లో ఒకటి ఎంచుకోవాలన్నారు. ఇద్దరూ ప్రపంచాన్ని ఒకే చోట గీత గీసి విడదీశారు. మధ్యలో నిలబడతామన్నవాళ్ల పని కష్టమైంది.

జ్దానోవ్ మాట ట్రూమన్‌కు ఒక్కడికే జవాబు కాదు. మధ్యలో మార్షల్ ప్రణాళిక వచ్చింది, మాస్కోను ఎక్కువ కదిలించింది అదే. ఆయుధాల కంటే ఆర్థిక సాయమే తూర్పు యూరప్‌ను ఎక్కువగా లాగుతాయని వాళ్లకు అర్థమైంది.

ఫ్రాన్స్, ఇటలీల్లో కమ్యూనిస్టు మంత్రులను తీసేసింది ఈ ప్రకటన వల్లేనా?

ఈ ప్రశ్నకు చాలా చోట్ల ‘అవును’ అనే సమాధానం కనబడుతుంది. అంత సులువు కాదు. ఫ్రాన్స్‌లో ప్రధాని పాల్ రమాదియే ప్రభుత్వంలో కమ్యూనిస్టు నేత మోరిస్ తోరెజ్ ఉపప్రధాని. మే 5న కమ్యూనిస్టు మంత్రులను తొలగించారు. తక్షణ కారణం రెనో కారు ఫ్యాక్టరీ సమ్మె, జీతాల విధానం మీద వాళ్లు సొంత ప్రభుత్వానికే వ్యతిరేకంగా ఓటేయడం. ఇండోచైనా యుద్ధ ఖర్చుల మీద మార్చిలోనే తగాదా ముదిరింది. ఇటలీలో ప్రధాని అల్చిదె దె గాస్పెరి మే నెలలో రాజీనామా చేసి, నెలాఖరుకు కమ్యూనిస్టులు లేకుండా కొత్త ప్రభుత్వం ఏర్పాటు చేశారు.

వాషింగ్టన్ నుంచి ‘తీసేయండి’ అని ఆదేశం వచ్చిందని చెప్పడం కంటే, తీసేస్తే అమెరికా సంతోషిస్తుందని, సాయం దొరుకుతుందని ఆ ప్రధానులకు తెలుసు అనడం నిజానికి దగ్గరగా ఉంటుంది. మార్చి 12 ప్రసంగం వాళ్లకు ధైర్యం ఇచ్చింది. తగువు అంతకుముందు నుంచే ఉంది. తొలగించిన రోజున ఆ మంత్రులు కూడా త్వరలోనే తిరిగొస్తామనే అనుకున్నారు.

ప్రసంగంలో పేరు లేని దేశాలు ఏమన్నాయి?

నాకు అన్నింటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే. స్వేచ్ఛాయుత ప్రజలకు అండగా నిలుస్తామన్నది కాంగ్రెస్‌ను భయపెట్టి డబ్బు రాబట్టడానికి రాసిన వాక్యం. ఫిబ్రవరి 27న వైట్‌హౌస్‌లో కాంగ్రెస్ నాయకులతో జరిగిన సమావేశంలో, విదేశాంగ ఉపమంత్రి డీన్ అచెసన్, బుట్టలో ఒక్క కుళ్లిన యాపిల్ మిగతావాటిని పాడుచేసినట్టు గ్రీస్ పోతే ఇరాన్, ఆసియా మైనర్, ఆఫ్రికా, ఇటలీ, ఫ్రాన్స్ దాకా రోగం పాకుతుందని చెప్పి ఒప్పించారు. ఆ మాట వాషింగ్టన్‌లో పని చేసింది. చిక్కేమిటంటే, ప్రసంగంలోని హామీని బయటివాళ్లూ నమ్మారు.

కొరియా నేత సింగ్‌మన్ రీ ప్రసంగం మర్నాడే, మార్చి 13న, ట్రూమన్‌కు అభినందనలు రాశారు. ఇదే విధానాన్ని కొరియాలోనూ పాటించమని, కమ్యూనిస్టులతో కలిపి సంకీర్ణం కట్టే ప్రయత్నాలు మానమని అక్కడి అమెరికా సైనిక అధికారులకు చెప్పమని కోరారు. అప్పటికి కొరియాలో స్వతంత్ర ప్రభుత్వమే లేదు, దక్షిణం అమెరికా సైన్యం చేతిలో ఉంది.

చైనాలో చాంగ్ కై షేక్ ప్రభుత్వానిదీ అదే ఆశ. ప్రసంగం జరిగిన వారానికి, మార్చి 19న, చాంగ్ జాతీయవాద సేనలు కమ్యూనిస్టు నేత మావో రాజధాని యెనాన్‌ను పట్టుకున్నాయి. గ్రీస్‌కు ఇస్తే మాకెందుకు ఇవ్వరు అన్నది న్యాయమైన ప్రశ్నే. అమెరికన్ కాంగ్రెస్‌లోని చైనా పక్షపాతులు కూడా అదే అడిగారు. చైనా పరిస్థితి గ్రీస్ లాంటిది కాదని అచెసన్ దాటవేశారు. ఆ మాట తర్వాత అమెరికా రాజకీయాల్లో ఆయన్ను ఏళ్ల తరబడి వెంటాడింది.

ఇంకో వింత చూడండి. ప్రసంగం ముసాయిదా మార్షల్‌కు పారిస్‌లో, మాస్కో వెళ్లే దారిలో అందింది. కమ్యూనిస్టు వ్యతిరేక పదజాలం మరీ ఎక్కువైందని ఆయనా, ఆయనతో ఉన్న చార్లెస్ బోలెన్ కూడా అనుకున్నారు. అలా లేకపోతే సెనేట్‌లో బిల్లు పాసవదని జవాబొచ్చింది. విదేశాల నుంచి వచ్చిన మొట్టమొదటి అభ్యంతరం అమెరికా సొంత విదేశాంగ మంత్రిదే అన్నమాట.

ఐక్యరాజ్యసమితిని పక్కనబెట్టారన్న విమర్శ నిజమా?

నిజం. గ్రీస్ సరిహద్దు గొడవలను విచారించడానికి భద్రతా మండలి వేసిన కమిషన్ అప్పటికి అక్కడే పని చేస్తోంది. విమర్శ గట్టిగా రావడంతో సెనేటర్ ఆర్థర్ వాండెన్‌బర్గ్ ఒక సవరణ పెట్టారు: సమితి కోరితే సాయం ఆపేస్తారు, ఆ విషయంలో అమెరికా వీటో వాడదు. బిల్లు సెనేట్‌లో 67-23 ఓట్లతో నెగ్గింది, మే 22న చట్టమైంది.

యుగోస్లావియా సంగతి?

గ్రీస్ తిరుగుబాటుకు ఎక్కువ సాయం వచ్చింది యుగోస్లావియా నేత టిటో నుంచే. అల్బేనియా, బల్గేరియాలు కూడా సాయపడ్డాయి. అమెరికాను గట్టిగా తిట్టిన దేశాల్లో యుగోస్లావియా ముందు వరసలో ఉండేది. 1948 జూన్‌లో కామిన్‌ఫార్మ్ టిటోను వెలివేసింది. 1949 జులైలో ఆయన గ్రీస్ సరిహద్దు మూసేశారు. ఆ తర్వాత అమెరికా సాయం పుచ్చుకున్న కమ్యూనిస్టు దేశం యుగోస్లావియా.

భారత్ వైఖరి ఏమిటి? తెలుగు నేలకు ఏమైనా సంబంధం ఉందా?

అప్పటికి మనది తాత్కాలిక ప్రభుత్వం. విదేశీ వ్యవహారాలు నెహ్రూ దగ్గర ఉన్నాయి. ఒకదానికొకటి ఎదురు నిలిచిన కూటములకు వీలైనంత దూరంగా ఉంటామని 1946 సెప్టెంబరు 7 రేడియో ప్రసంగంలోనే ఆయన చెప్పారు. ట్రూమన్ ప్రసంగం నాటికి ఢిల్లీ తలనొప్పులు వేరే. మార్చి 22న మౌంట్‌బాటన్ దిగారు, 23న ఆసియా సంబంధాల సదస్సు మొదలైంది. ఆ సదస్సుకు సోవియట్ ఆసియా రిపబ్లిక్‌ల ప్రతినిధులూ వచ్చారు.

తెలుగు నేలకు సంబంధం మాస్కో దారిలో వచ్చింది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం 1946లోనే మొదలైంది, దానికి కారణాలు నిజాం పాలనలో, దొరల వెట్టిలో ఉన్నాయి. ట్రూమన్‌తో పని లేదు. కానీ జ్దానోవ్ రెండు శిబిరాల సూత్రం భారత కమ్యూనిస్టు పార్టీ ఆలోచనను మార్చింది. 1948 ఫిబ్రవరి, మార్చిల్లో కలకత్తాలో జరిగిన రెండో మహాసభలో పార్టీ ప్రధాన కార్యదర్శిగా పి.సి. జోషి స్థానంలో బి.టి. రణదివే వచ్చారు, నెహ్రూ ప్రభుత్వంతో తలపడాలన్న లైను నెగ్గింది. ఆంధ్ర కమిటీ మాత్రం కొన్ని నెలలకే తన పత్రంలో మావో దారిని, అంటే రైతుల సాయుధ పోరాటాన్ని, ముందుకు తెచ్చింది.

1951 తొలి నెలల్లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. ఆయన సాయుధ పోరాటాన్ని కొనసాగించమని ప్రోత్సహించలేదు. అదే ఏడాది అక్టోబరులో తెలంగాణ పోరాటాన్ని విరమించారు. గ్రీస్ గురించి యుగోస్లావ్‌లకు చెప్పిన మాట, తెలంగాణ గురించి మనవాళ్లకు చెప్పిన మాట పక్కపక్కన పెట్టి చదివితే ఆ మనిషి లెక్కలు కొంత అర్థమవుతాయి.

ఇప్పుడు గ్రీస్‌లో ట్రూమన్‌ను ఎలా చూస్తారు?

ఏథెన్స్‌లో 1963లో గ్రీకు అమెరికన్ల సంఘం ఒకటి ఆయన కాంస్య విగ్రహం పెట్టించింది. 1986లో బాంబు పెట్టి పడగొట్టారు, తర్వాత మళ్లీ నిలబెట్టారు. రంగులు పోయడం, నిరసనలు మామూలే. 2018 ఏప్రిల్‌లో సిరియాపై క్షిపణి దాడులకు నిరసన తెలుపుతూ కమ్యూనిస్టు పార్టీ ప్రదర్శనకారులు దాన్ని కోసి పడగొట్టబోతే పోలీసులు అడ్డుకున్నారు.